చెప్పులు విప్పి వచ్చేవాళ్ల కోసం: మండపంలో కరెంట్, గీతలో చక్రం

 

వినాయక చవితి దగ్గరికొచ్చేసింది. ఇప్పుడు మీ వాట్సాప్ గ్రూపుల్లో ఏం నడుస్తోందో నాకు తెలుసు. విగ్రహం ఎన్ని అడుగులు, చందా ఎంత, డీజే ఉందా లేదా, లైటింగ్ ఎవరు చూసుకుంటారు. ఆ చివరి ప్రశ్న దగ్గర ఇవాళ కాసేపు ఆగుదాం.

ఈ వారం వీడియోలో గీత 3వ అధ్యాయం, కర్మయోగం గురించి చెప్పుకున్నాం కదా. అందులో యజ్ఞం, చక్రం అనే రెండు మాటలు వచ్చాయి. టైం సరిపోక అక్కడ వదిలేసిన విషయం ఒకటి ఇక్కడ రాస్తున్నాను. అది కరెంట్ గురించి. భక్తి ఛానెల్‌లో కరెంట్ ఏంటి అని నవ్వకండి, చివరిదాకా చదవండి. నా తప్పు ఒకటి ఒప్పుకోవాల్సి ఉంది కూడా.

నేను చదివింది ట్రిపుల్‌ఈ, చేసేది సాఫ్ట్‌వేర్. మనలో చాలామంది కథే ఇది. నాలుగేళ్ల కింద హైదరాబాద్‌లో మేం ఫ్రెండ్స్ కలిసి అద్దెకున్న కాలనీలో గణపతిని పెట్టారు. "అన్నా, నువ్వు ట్రిపుల్‌ఈ కదా, లైటింగ్ నువ్వే చూస్కో" అన్నారు కుర్రాళ్లు. నాకు గర్వంగా అనిపించింది. నిజం చెప్పాలంటే, నా చేత్తో ఒక స్విచ్ బోర్డ్ కూడా అప్పటిదాకా బిగించలేదు. అయినా కాదనలేదు. సన్న రెండు వైర్ల కేబుల్ కొన్నాం. మధ్యలో పొడవు చాలకపోతే రెండు ముక్కలు మెలిపెట్టి టేప్ చుట్టాను. ఆ కేబుల్‌ని ఇనుప స్తంభానికి తీగతో కట్టాను. స్తంభాన్ని సిమెంట్ పోసిన డబ్బాలో నిలబెట్టాం. ఎర్త్ వైర్ ఊసే లేదు. లైట్లు వెలిగాయి, అందరూ చప్పట్లు కొట్టారు.

మూడో రోజు సాయంత్రం వాన పడి ఆగింది. మండపం పక్కన పూలమ్మే ఆవిడ కొడుకు, ఏడెనిమిదేళ్లుంటాయి, ఆ స్తంభం పట్టుకుని ఊగుతూ "అన్నా, ఇది జివ్వుమంటోంది" అన్నాడు. నేను వెళ్లి పట్టుకుని చూశాను. ఏమీ అనిపించలేదు. "ఏం లేదురా, పో" అన్నాను.

నాకెందుకు అనిపించలేదో తెలుసా? నా కాళ్లకి రబ్బరు చెప్పులున్నాయి. వాడు తడి నేల మీద వట్టి కాళ్లతో ఉన్నాడు.

అదృష్టం కొద్దీ కాలనీలో ఎలక్ట్రీషియన్ బాబాయ్ ఒకాయన అదే టైంకి దండం పెట్టుకోవడానికి వచ్చారు. పిల్లాడి మాట విన్నారు. జేబులోంచి టెస్టర్ తీసి స్తంభానికి ఆనించారు. ఎర్రగా వెలిగింది. ఒక్క కేక వేసి మెయిన్ ఆపించారు. వానకి నా టేప్ జాయింట్ వదులై, రాగి తీగ స్తంభానికి తగులుతోంది. పిల్లాడికి ఏమీ కాలేదు. వాళ్లమ్మ పరిగెత్తుకొచ్చి వాణ్ణి ఎత్తుకుంది. లైట్లు నేనే చూస్తున్నానని ఆవిడకి తెలుసు. నేనే ఆపించి కాపాడాననుకుని నాకు దండం పెట్టింది. ఆ దండం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో పరీక్ష కోసం బట్టీ పట్టిందంతా ఆ రాత్రి మళ్లీ మొదటి నుంచి చదివాను. అందులో మండపం పెట్టే ప్రతివాళ్లూ తెలుసుకోవాల్సింది చాలా కొంచెమే. చెప్తాను.

వోల్టేజ్, కరెంట్, రెసిస్టెన్స్

మీ అపార్ట్‌మెంట్ పైన వాటర్ ట్యాంక్ ఉంటుంది. ట్యాంక్ ఎంత ఎత్తులో ఉంటే కింద కుళాయిలో అంత ఒత్తిడి. ఆ ఒత్తిడి లాంటిది వోల్టేజ్. పైపులో పారే నీళ్లు కరెంట్. పైపు సన్నగా ఉంటే నీళ్లు తక్కువ వస్తాయి కదా, ఆ అడ్డు రెసిస్టెన్స్. మూడింటికీ లెక్క ఒకటే. వోల్టేజ్‌ని రెసిస్టెన్స్‌తో భాగిస్తే కరెంట్ వస్తుంది. జర్మనీకి చెందిన జార్జ్ సైమన్ ఓమ్ ఈ లెక్కని 1827లో పుస్తకంగా వేశాడు. ఇప్పటికీ సర్క్యూట్ చదువు మొదలయ్యేది దానితోనే.

మన ఇళ్లలో వోల్టేజ్ 230. వీధి స్తంభాల పైన పోయే 11 కేవీ లైన్‌లో 11,000. ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి.

నీళ్ల పోలిక ఒక్కచోట సరిపోదు. కుళాయి తిప్పితే నీళ్లు కింద పడి పోతాయి. కరెంట్ అలా పోదు. బయల్దేరిన చోటికి తిరిగి చేరే దారి ఉంటేనే అది కదులుతుంది. ఆ పూర్తి చుట్టునే సర్క్యూట్ అంటాం. ఫేజ్ వైర్ ఒక్కటే ఇస్తే బల్బు వెలగదు, న్యూట్రల్ కూడా కావాలి. స్విచ్ ఆపడం అంటే చుట్టులో ఒకచోట తెంపడమే. కరెంట్ తీగ మీద పిట్ట హాయిగా కూర్చోవడానికి కారణమూ ఇదే. దాని రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉన్నాయి, దాని ఒంట్లోంచి వేరే చోటికి పోయే దారి లేదు. అదే పిట్ట రెక్క పక్క తీగకి తగిలిందా, దారి దొరికినట్టే.

ఇంకో మాట. బల్బు కరెంట్‌ని తినేస్తుందని మనలో చాలామంది అనుకుంటాం. తినదు. బల్బులోకి ఎంత కరెంట్ వెళ్తుందో అంతా బయటికి వస్తుంది. మన ఇళ్లకొచ్చేది ఏసీ, సెకనుకి 50 సార్లు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. అయినా ఏ క్షణాన కొలిచినా ఫేజ్‌లో ఎంతో న్యూట్రల్‌లో అంతే. బల్బు తీసుకునేది శక్తిని. ఆ శక్తిని మనకి వెలుగుగా ఇచ్చేస్తుంది. తన దగ్గర ఏమీ దాచుకోదు.

గీతలో చక్రం

ఇప్పుడు వీడియోలో వదిలేసిన చోటికి వద్దాం. 3వ అధ్యాయం 10వ శ్లోకం నుంచి 16వ శ్లోకం దాకా భగవానుడు చెప్పేది ఒక చుట్టు గురించే. అన్నం వల్ల ప్రాణులు, వాన వల్ల అన్నం, యజ్ఞం వల్ల వాన, కర్మ వల్ల యజ్ఞం. దేవతలు మనకిస్తారు, మనం తిరిగి ఇస్తాం. ఇలా తిరుగుతున్న చక్రాన్ని తిరగనివ్వకుండా తన సుఖం మాత్రమే చూసుకునేవాడు వ్యర్థంగా బతుకుతున్నాడు అంటాడు. 12వ శ్లోకంలో ఇంకా గట్టిగా, ఇచ్చినవాళ్లకి తిరిగి ఇవ్వకుండా అనుభవించేవాడు దొంగే అంటాడు.

ఋషులకి ఎలక్ట్రిసిటీ తెలుసు అని నేను చెప్పట్లేదు. అలా చెప్పే మెసేజ్‌లు మీకు రోజూ వస్తూనే ఉంటాయి, ఇది వాటిలో ఇంకోటి కాదు. గీత చెప్పేది మనిషి ఎలా బతకాలో. సర్క్యూట్ చెప్పేది రాగి తీగలో ఏం జరుగుతుందో. కానీ నాకు మటుకు చక్రం అన్న మాట సర్క్యూట్ చూశాకే బాగా అర్థమైంది. తిరిగి వెళ్లే దారి లేనిచోట ఏదీ నడవదు.

దొంగ అన్న మాట మన మండపాల దగ్గర మామూలు అర్థంలోనే వర్తిస్తుంది. వీధి లైన్‌కి కొక్కెం తగిలించి కరెంట్ తీసుకునే మండపాలు మీరు చూసే ఉంటారు. "దేవుడి కోసమే కదా" అంటారు. దేవుడి కోసం దొంగతనం చేస్తే అది దేవుడికి చేరుతుందా? పైగా కొక్కెం కరెంట్‌కి మీటర్ ఉండదు, ఫ్యూజ్ ఉండదు, తప్పు జరిగితే తెంపే పరికరం ఏదీ ఉండదు. డిస్కంకి దరఖాస్తు పెట్టుకుంటే తాత్కాలిక కనెక్షన్ ఇస్తారు. ముందు అది తీసుకోండి.

ఎంసీబీ ఉంది కదా అన్నా?

ఆ రోజు నేనూ ఇదే అన్నాను. బాబాయ్ నవ్వి, "అది నీ వైర్‌ని కాపాడుద్ది, నిన్ను కాదు" అన్నారు. ఓమ్ లెక్క వేసి చూడండి, ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది.

ఒళ్లు పొడిగా ఉంటే మన చర్మం అడ్డు వేల ఓమ్‌లలో ఉంటుంది. తడిస్తే దాదాపు 1,000 ఓమ్‌లకి పడిపోవచ్చు. 230ని 1,000తో భాగించండి. 0.23 ఆంపియర్, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. చూడ్డానికి చిన్న అంకె. కానీ 1 మిల్లీ ఆంపియర్ దగ్గరే మనకి జివ్వుమంటుంది. 10 దాటితే కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నది వదల్లేకపోవచ్చు. 30 దాటి కాసేపు ఒంట్లోంచి పోతే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. 230 అంటే ఇంక చెప్పక్కర్లేదు.

మరి మండపం బోర్డులో ఉన్న 16 ఆంపియర్ల ఎంసీబీ ఏం చేస్తుంది? ఏమీ చేయదు. 16 ఆంపియర్లు మోయడానికి సిద్ధంగా ఉన్న దానికి 0.23 ఆంపియర్ ఒక లెక్కే కాదు. మనిషి ప్రాణం పోతున్నా దాని కళ్లకి ఇంకో చిన్న బల్బు వెలుగుతున్నట్టే.

మనిషిని కాపాడే పరికరం వేరే ఉంది. దాని పేరు ఆర్‌సీసీబీ. అది చేసే పని చాలా సింపుల్. ఫేజ్‌లో వెళ్లిన కరెంట్‌నీ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంట్‌నీ పోల్చుకుంటూ కూర్చుంటుంది. రెండూ సమానంగా ఉన్నంతసేపూ ఊరుకుంటుంది. వెళ్లిందాంట్లో కొంత తిరిగి రాలేదంటే, అది వేరే దారిలో పోతోందని అర్థం. ఆ వేరే దారి ఎవరో ఒక మనిషి కావచ్చు. తేడా 30 మిల్లీ ఆంపియర్లకి చేరేలోపే రెప్పపాటులో మొత్తం తెంపేస్తుంది. వచ్చింది వచ్చినట్టు తిరిగి ఇచ్చారా లేదా అని చూసుకునే లెక్క అది. 12వ శ్లోకం చదివినప్పుడల్లా నాకు ఈ పెట్టే గుర్తొస్తుంది.

ఒక హెచ్చరిక. ఫేజ్‌నీ న్యూట్రల్‌నీ రెండు చేతులతో ఒకేసారి పట్టుకుంటే ఆర్‌సీసీబీ కూడా కాపాడలేదు. ఎందుకంటే అప్పుడు వెళ్లింది అంతా తిరిగొస్తూనే ఉంటుంది, మీ ఒంట్లోంచే. కాబట్టి అది ఉంది కదా అని వైర్లతో ఆటలొద్దు.

భూమి తల్లి

మూడు పిన్నుల ప్లగ్ ఒకటి చేతిలోకి తీసుకోండి. పైనున్న పిన్ను మిగతా రెండిటికన్నా లావు, పొడవు. అది ఎర్త్ పిన్. పొడవుగా ఎందుకంటే, ప్లగ్ పెట్టేటప్పుడు అందరికన్నా ముందు అది తగలాలి, తీసేటప్పుడు అందరికన్నా చివర అది వదలాలి. కరెంట్ రాకముందే రక్షణ అక్కడ ఉండాలన్నమాట. మనం మాత్రం ఆ పిన్నుని విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్‌లో దూర్చేస్తాం.

ఎర్త్ వైర్ ఏం చేస్తుందో అదే లెక్కతో చూద్దాం. నా స్తంభానికి ఎర్త్ సరిగ్గా ఉండి, ఆ దారి అడ్డు 2 ఓమ్‌లు అనుకుందాం. ఫేజ్ తగలగానే 230ని 2తో భాగిస్తే 115 ఆంపియర్లు. ఇప్పుడు ఎంసీబీకి కళ్లు తెరుచుకుంటాయి, టక్కున పడిపోతుంది. పిల్లాడు స్తంభం పట్టుకునే టైంకి అందులో కరెంటే ఉండేది కాదు. తప్పు నాదే అయినా దాన్ని భూమి మోసేది. ఎర్త్ లేదు కాబట్టి ఆ తప్పు వట్టి కాళ్లతో నిలబడ్డ పిల్లాడి మీద పడింది.

పెద్దలు గణపతి స్థానం మూలాధారం అంటారు, దాని తత్త్వం పృథ్వి, అంటే భూమి. చెరువు మట్టి తెచ్చి విగ్రహం చేస్తాం, పూజ చేసుకుని మళ్లీ నీళ్లలోనే కలిపేస్తాం. తీసుకున్నది తిరిగి ఇచ్చేయడం ఈ పండగలోనే ఉంది. అలాంటి స్వామి మండపంలో భూమికి వెళ్లే ఒక్క వైర్ లేకపోవడం ఎంత విచిత్రం!

ఇంకోటి గమనించారా? మనం ఆఫీసుకి బూట్లతో వెళ్తాం, బజారుకి చెప్పులతో వెళ్తాం. చెప్పులు విప్పేది దేవుడి దగ్గరే. అందులోనూ చవితి అంటే వానాకాలం. అభిషేకం నీళ్లు, తడి నేల, తడి చేతులు, ఇనుప గొట్టాలు. ఊళ్లో ఎక్కడా లేనంత నమ్మకంతో, ఎక్కడా లేనంత రక్షణ లేకుండా మనిషి నిలబడే చోటు అది. నిర్వాహకులం మనం చెప్పులతో తిరుగుతూ "ఏం లేదు, బానే ఉంది" అంటాం. మనకి తెలియదు. వచ్చినవాళ్లకే తెలుస్తుంది.

"దేవుడు తీసుకెళ్లిపోయాడు" అనేముందు

2022 ఏప్రిల్‌లో తమిళనాడు తంజావూరు దగ్గర కలిమేడు అనే ఊళ్లో రథోత్సవం జరుగుతుంటే రథం హైటెన్షన్ లైన్‌కి తగిలింది. 11 మంది చనిపోయారు. 2025 ఆగస్టులో మన హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్రలో రథానికి కరెంట్ వచ్చి 5 మంది పోయారు. వీళ్లంతా భక్తితో వచ్చినవాళ్లే. ఏ పాపం చేశారని? ఆ కుటుంబాల దగ్గర "దేవుడి సన్నిధిలో పోయారు, పుణ్యం" అనడం నా నోటికి రాదు.

కరెంట్‌కి కోపం లేదు, దయా లేదు. దారి ఉంటే పోతుంది. ఆ దారి ఎక్కడుండాలో నిర్ణయించేది మనం. మన నిర్లక్ష్యాన్ని తీసుకెళ్లి దేవుడి ఖాతాలో వేయకూడదు.

గీత 18వ అధ్యాయం 25వ శ్లోకం నా గది గోడ మీద రాసి పెట్టుకున్నాను. భావం ఇది: తర్వాత ఏమవుతుందో, ఎంత నష్టమో, ఎవరికి హింస జరుగుతుందో, అసలు తనకి అది చేతనవునో కాదో చూసుకోకుండా, మోహంతో మొదలుపెట్టే పని తామసం. నాలుగూ నాకు అతికినట్టు సరిపోయాయి. నేను చేసింది దేవుడి పనే. చేసిన తీరు మాత్రం తామసం.

17వ అధ్యాయం చివర, శ్రద్ధ లేకుండా చేసిన హోమం, దానం, తపస్సు ఇక్కడా పనికిరావు, పైనా పనికిరావు అంటాడు. సంస్కృతంలో శ్రద్ధ అంటే విశ్వాసం. మన ఇళ్లలో అమ్మ "కాస్త శ్రద్ధగా చెయ్యరా" అంటే, మనసు పెట్టి జాగ్రత్తగా చెయ్యమని. నాకు ఈ రెండు అర్థాలూ వేరు అనిపించడం మానేసింది. దేవుడి మీద నమ్మకం ఉన్నవాడు ఆయన్ని చూడ్డానికి వచ్చే మనుషుల విషయంలో జాగ్రత్తగా ఉంటాడు.

ఈసారి కలశ స్థాపనకి ముందు

ఒక పేపర్ మీద రాసుకోండి. విగ్రహం రాకముందే ఇవి పూర్తవ్వాలి.

1. తాత్కాలిక కనెక్షన్ తీసుకోండి. కొక్కెం వద్దు.

2. పని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌కి ఇవ్వండి. ట్రిపుల్‌ఈ అన్నకి ఇవ్వకండి. ఆయన కూలి చందాల ఖర్చులో మొదటి లైన్‌లో ఉండాలి.

3. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది. రోజూ పొద్దున దీపం పెట్టేముందు అది నొక్కి, పడిపోతోందో లేదో చూడండి.

4. ఎర్త్ వైర్ ఉన్న మూడు వైర్ల కేబుల్ వాడండి. ఇనుప ఫ్రేముని ఎర్త్‌కి కలిపించండి. కేబుల్‌ని ఇనుప గొట్టాలకి తీగతో కట్టకండి. మధ్యలో టేప్ జాయింట్లు వద్దు.

5. బోర్డు వాన తగలని చోట, పిల్లలకి అందని ఎత్తులో ఉండాలి. మెయిన్ ఎక్కడుందో కమిటీలో అందరికీ తెలియాలి.

6. విగ్రహం తెచ్చే దారి, నిమజ్జనం దారి ముందే నడిచి చూడండి. పైన తీగలు ఎంత ఎత్తులో ఉన్నాయో చూసి, దాన్ని బట్టి విగ్రహం ఎత్తు నిర్ణయించండి. కర్రలతో తీగలు పైకి లేపడం ఎట్టి పరిస్థితుల్లో వద్దు, తడిసిన వెదురు కూడా కరెంట్‌కి దారిస్తుంది. అనుమానం ఉంటే 1912కి ఫోన్ చేయండి.

7. ఎవరికైనా షాక్ కొడుతుంటే చేత్తో లాగకండి, చుట్టులో మీరూ కలుస్తారు. ముందు మెయిన్ ఆపండి. ఆపలేకపోతే పొడి కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో విడదీయండి. పెద్ద లైన్ అయితే దగ్గరికే వెళ్లకండి, సరఫరా ఆగేదాకా దూరంగా ఉండండి. 108కి చెప్పండి. ఊపిరి ఆగితే, వచ్చినవాళ్లు ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి.

8. ఎవరైనా "జివ్వుమంటోంది" అంటే, వాళ్లు ఏడేళ్ల పిల్లలైనా సరే, ముందు కరెంట్ ఆపండి. తర్వాత వెతకండి.

ఆ 8వది నేను రాసుకున్న ప్రాయశ్చిత్తం. ఆ ఏడాది నుంచి ప్రతి చవితికీ నేను చేసే పని ఒకటే. బాబాయ్ వెంట నిచ్చెన పట్టుకుని తిరగడం, ఆయన చెప్పినచోట టెస్టర్ పెట్టి చూడడం. కాలనీ మారినా ఆ నాలుగు రోజులు అక్కడికే వెళ్తాను. పూలమ్మే ఆవిడ కొడుకు ఇప్పుడు పెద్దాడయ్యాడు. పోయినేడు వాడే వచ్చి "అన్నా, టెస్ట్ బటన్ నేను నొక్కనా" అని అడిగాడు. నొక్కాడు. టక్‌మని పడింది. మళ్లీ పైకి లేపి, చెప్పులు పక్కన విప్పేసి, లోపలికెళ్లి దండం పెట్టుకున్నాడు.

ఈసారి సంకల్పం చెప్పుకునేటప్పుడు మీ గోత్రం, పేరుతో పాటు మనసులో ఒక్క మాట కలుపుకోండి: స్వామీ, నిన్ను చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరూ క్షేమంగా ఇంటికి తిరిగి వెళ్లాలి. వచ్చినవాళ్లు తిరిగి ఇల్లు చేరితేనే కదా మన చక్రం పూర్తయ్యేది.

మీ కాలనీ కమిటీ గ్రూపులో ఇది ఒక్కసారి పంపండి. వచ్చే వారం వీడియోలో 4వ అధ్యాయంతో కలుద్దాం.

గణపతి బప్పా మోరియా. శుభం భూయాత్.